ఖర్మ అనే ముందు ఒక్క మాట



ఉగాది కార్యక్రమం బాగా జరిగిందని చాలామంది ఫోన్ చేసి చెప్పారు, సంతోషం. జమాఖర్చుల లెక్క కోశాధికారి గారు విడిగా పెడతారు. నేను రాసేది వేరే విషయం. కొంచెం పొడుగే, కానీ ఇంట్లో 11 నుంచి 15 ఏళ్ళ పిల్లలున్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

విషయం ఏమిటంటే, పిల్లల గుంపులో ఒకరిని మిగతావాళ్ళంతా కలిసి వెలివేయడం. 'వెలి' అంటే పెద్ద మాటలా ఉంది, పిల్లలన్నాక కొట్టుకుంటారు, మళ్ళీ కలుస్తారు అంటారేమో. మన చిన్నప్పుడూ కటీఫ్ అనేవాళ్ళం, ఇక్కడి కన్నడ పిల్లలు 'టూ' అంటారు. చిటికెన వేలు చూపిస్తే కటీఫ్ అయిపోయేది, సాయంత్రానికి ఎవరో ఒకరు మామిడికాయ ముక్క ఇస్తే మళ్ళీ జట్టు. అది ఇద్దరి మధ్య కోపం. ఎదురుగా చెప్పేవాళ్ళం, కారణం కూడా చెప్పేవాళ్ళం. నేను చెబుతున్నది అది కాదు. ఐదుగురు ఒక వైపు, ఒకరు ఒక వైపు. ఎవరూ కోప్పడరు, ఎవరూ ఏమీ అనరు. ఆ ఒక్కరు మాత్రం లేనట్టే ఉంటారు.

కార్యక్రమానికి పిల్లల డాన్సులు చూసుకునే పని నాది కాబట్టి రెండు నెలలు సాయంత్రాలన్నీ వాళ్ళ మధ్యే గడిచాయి. 8వ తరగతి ఆడపిల్లలు ఆరుగురు ఒక పాటకి కలిసి నేర్చుకోవడం మొదలుపెట్టారు. మూడో వారానికి ఐదుగురే వస్తున్నారు. ఆరో పాప ఏదమ్మా అని అడిగితే, "తనకి ఇంట్రెస్ట్ లేదంట ఆంటీ" అన్నారు. ఐదుగురిదీ ఒకే మాట, ఒకే గొంతు. అంత ఒద్దికగా వచ్చిన జవాబు ముందే అనుకుని వచ్చిన జవాబే అయి ఉంటుంది.

ఆ పాప ఎవరు, ఎవరింటి పిల్ల అని దయచేసి ఆరా తీయకండి. గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి రాస్తున్నాను. ఆ ఐదుగురూ ఎవరని కూడా అడగొద్దు. వాళ్ళూ మన పిల్లలే, చెడ్డ పిల్లలు కారు. ఈ పోస్టు ఎవరినీ నిలదీయడానికి కాదు.

తర్వాత తెలిసింది ఇది. ఆరుగురికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. ఒకరోజు ఐదుగురు కలిసి కొత్త గ్రూపు పెట్టుకున్నారు. పాత గ్రూపులోంచి ఈ పాపని తీసేయలేదు, అందులో రాయడం మానేశారు, అంతే. మన ఊళ్ళో కరెంటు పోయి వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోతే, ఎవరూ చెప్పకుండానే నిద్రలో ఉన్నవాళ్ళకి కూడా తెలుస్తుంది కదా. ఆ పాపకీ అలాగే తెలిసింది. తర్వాత ఒక పుట్టినరోజు ఫోటో వచ్చింది, ఐదుగురూ ఒకే రంగు డ్రెస్సుల్లో. స్కూలు బస్సులో తను కూర్చోబోతే ఖాళీ సీటు మీద వాటర్ బాటిల్ పెట్టి ఉండేది. నెల తిరిగేసరికి పాప ట్యూషన్ మానేసింది. డబ్బాలో అన్నం సగం తిరిగి వస్తోంది. హిందూపురం దగ్గర అవ్వ ఊరికి పంపించెయ్యమని, అక్కడి స్కూల్లోనే చదువుకుంటానని ఇంట్లో ఏడ్చిందట.

కారణం ఏమిటని విడివిడిగా కనుక్కుంటే, ఒకమ్మాయి "తను ఓవర్ చేస్తుంది" అంది. ఇంకొకమ్మాయి తన తెలుగు వేరేగా ఉంటుందని నవ్వింది. మూడో అమ్మాయి చెప్పింది అసలు మాట. "వాళ్ళతో ఎక్కువ తిరగొద్దు అంది మా అమ్మ. వాళ్ళ నాన్న మన మగ్గాల్లో కూలికి చేస్తాడు కదా అంది."

ఇది చదివి ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి. మన ఊరు పట్టు మీద, పవర్‌లూమ్ మీద బతికే ఊరు. మన సంఘంలో మగ్గాలున్నవాళ్ళూ ఉన్నారు, ఆ మగ్గాల మీద కూలికి నేసేవాళ్ళూ ఉన్నారు. పండగ రోజు అందరం ఒకే పంక్తిలో కూర్చుంటాం. ఆ ఒక్కరోజు పెద్దవాళ్ళం చూపించే సమానత్వాన్ని కాక, మిగతా 364 రోజులూ వంటింట్లో మాట్లాడే మాటల్నే పిల్లలు నేర్చుకుంటారు.

ఇంతవరకూ జరిగినది చెప్పాను. నన్ను అంతకంటే కలవరపెట్టింది, ఈ రెండు నెలల్లో దీని గురించి ఎవరితో మాట్లాడినా ఒకే మాట వినిపించడం. ఆ మాట కర్మ.

పాప వాళ్ళమ్మని కలిస్తే ఆమె అంది, "ఏం చేయమంటావక్కా, వాళ్ళ మగ్గాల్లోనే కదా మేం బతికేది. అడిగితే పని పోతుంది. దాని ఖర్మ, అంతే." పక్కింటి పెద్దావిడ, పాపకి సర్పదోషం ఉందేమో ఘాటీకి పోయి రమ్మని సలహా ఇచ్చింది. ఐదుగురిలో ఒకరి తండ్రి, "ఎవరి కర్మకు ఎవరు కర్తలండీ, ఎవరితో స్నేహం చేయాలో పిల్లలకి మనం చెప్పగలమా" అన్నాడు.

ఇక పాప. తనని అడిగితే చాలా నెమ్మదిగా చెప్పింది. "నేనేం చేయను ఆంటీ, వెయిట్ చేస్తా. కర్మ ఎవర్నీ వదలదు." ఫోన్లో రీల్స్ చూపించింది. కర్మ తిరిగొస్తుంది, కర్మ లెక్క రాసుకుంటుంది, నిన్ను ఏడిపించినవాళ్ళు ఏడ్చే రోజొస్తుంది, అన్నీ ఇలాంటివే. నోట్‌బుక్ వెనక పేజీలో తనూ లెక్క రాస్తోంది. ఒకమ్మాయి చేయి బెణికిన తేదీ, ఇంకొకమ్మాయికి లెక్కల్లో మార్కులు తగ్గిన తేదీ. పదమూడేళ్ళ పిల్ల రాత్రిపూట కూర్చుని ఎదుటివాళ్ళ కష్టాలు ఏరుకుంటోంది.

ఆ పేజీ మూసి తను అడిగిన ప్రశ్న వల్లే ఈ పోస్టు రాస్తున్నాను. "ఆంటీ, కర్మ నిజమే అయితే నాకిలా అయిందంటే నేనూ ముందు ఏదో చేసుంటాను కదా?" మూడో తరగతిలో తన పుట్టినరోజుకి ఒకమ్మాయికి మాత్రం చాక్లెట్ ఇవ్వలేదట. అదే కారణమా అని అడిగింది.

ఒక్కసారి ఆలోచించండి. అమ్మకి నోరు తెరవకుండా ఉండడానికి ఆ మాట కావాల్సి వచ్చింది. తండ్రికి చేతులు దులుపుకోవడానికి పనికొచ్చింది. పాపకి మొదట పగ తీర్చుకోవడానికి ఆసరా అయింది, చివరికి తన మీదకే తిరిగింది. ఒకే మాట, ఇంతమంది నోట. ఆ పిల్లకి అన్నం సయించేలా చేసింది ఒక్కటీ లేదు.

కష్టంలో ఉన్నవాళ్ళని చూసి "ఏదో చేసుంటారులే" అనుకోవడం మన ఒక్కరి అలవాటు కాదు. మెల్విన్ లెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కారొలిన్ సిమన్స్‌తో కలిసి 1966లో అమెరికాలో ఒక ప్రయోగం ప్రచురించాడు. కాలేజీ అమ్మాయిల్ని కూర్చోబెట్టి, ఇంకో అమ్మాయి జవాబు తప్పినప్పుడల్లా కరెంటు షాకు తిన్నట్టు చూపించారు. నిజం షాకులు కావు, నటన. చూస్తున్నవాళ్ళకి ఆ సంగతి తెలియదు. ఆ అమ్మాయి ఎలాంటిది అని తర్వాత అడిగారు. షాకులు ఆపే అవకాశం దొరికినవాళ్ళు ఆమె గురించి అంత చెడుగా చెప్పలేదు. ఆపే అవకాశం లేక, ఆమె ఇంకా బాధపడుతుందని అనుకుంటూ చూసినవాళ్ళు ఆమెని తక్కువ చేసి చెప్పారు. లోకంలో అన్యాయం ఊరికే జరుగుతుందని ఒప్పుకోవడం మనకి కష్టం. కాబట్టి బాధపడేవాళ్ళలోనే ఏదో లోపం వెతికి ఊరట పొందుతాం.

నాకు దీంట్లో కనిపించింది ఇది. మనం సాయం చేయగలిగినచోట ఖర్మ అనం. చేయలేనప్పుడు, చేయడం ఇష్టం లేనప్పుడు మాత్రమే అంటాం. పడుగులో ఒక పోగు తెగితే ఏం చేస్తాం? మగ్గం ఆపి, తెగిన కొస వెతికి ముడి వేస్తాం. ఆ పోగు ఖర్మ అని వదిలేసి నేసుకుంటూ పోతే చీర ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అసలు కర్మ అంటే ఏమిటి? మాటకి అర్థం పని, చేసినది. ఒత్తు పెట్టి 'ఖర్మ' అన్నామా, దురదృష్టం అయిపోతుంది. 'క' నుంచి 'ఖ'కి వచ్చేలోపు చేసే పని కాస్తా పడే బాధగా మారిపోయింది. మన వ్యాకరణంలో కర్త, కర్మ, క్రియ అని చదువుకున్నాం. పని చేసినవాడు కర్త, ఆ పని ఎవరి మీద జరిగిందో వాళ్ళు కర్మ. "ఐదుగురు ఒక పాపని వదిలేశారు" అనే వాక్యంలో కర్త ఐదుగురు, కర్మ పాప. అదే సంగతిని "దాని ఖర్మ" అని చెప్పి చూడండి. వాక్యంలోంచి కర్త మాయమయ్యాడు. చేసినవాళ్ళు ఎవరూ లేరు, పడినది మాత్రం మిగిలింది.

శాస్త్రంలో అలాగే ఉంది కదా అనేవాళ్ళకి ఒక సంగతి. బౌద్ధుల సంయుత్త నికాయంలో శివక సుత్తం అని ఒకటుంది. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లేనా అని శివకుడనే పరివ్రాజకుడు అడిగితే బుద్ధుడు కాదన్నాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసి ప్రకోపించడం, రుతువుల మార్పు, అజాగ్రత్త, ఇతరుల దాడి, ఇవన్నీ కారణాలే, కర్మఫలం వాటిలో ఒకటి మాత్రమే అని చెప్పాడు. అంటే ఇంకొకరు కొట్టిన దెబ్బ వేరు, కర్మఫలం వేరు అని అప్పుడే విడదీసి చెప్పినవాళ్ళున్నారు. మన గీతలో 4వ అధ్యాయంలో కృష్ణుడు కూడా కర్మ నడక అంతుపట్టనిదని అర్జునుడికి చెబుతాడు. యుద్ధభూమిలో అర్జునుడంతటివాడికి అంతుపట్టనిది, పక్కింటి పిల్ల విషయంలో మనకి అరనిమిషంలో అంతుపట్టేస్తుందా?

ఘాటీకి వెళ్ళొద్దని నేనను. ఏటా వెళతాను. తూర్పుముఖంగా సుబ్రహ్మణ్యస్వామి, వెనక పడమటిముఖంగా నరసింహస్వామి, వెనకున్న స్వామిని అద్దంలో చూసి దండం పెట్టుకునే ఆ గుడి మన ఊరివాళ్ళకి ఎంత దగ్గరో తెలుసు. కానీ పాపని అక్కడికి "నీకు దోషం ఉంది" అని చెప్పి తీసుకెళ్ళడం వేరు, "నీకు ధైర్యం ఇమ్మని అడుగుదాం పద" అని తీసుకెళ్ళడం వేరు. దారి ఒకటే. తిరిగి వచ్చే పిల్ల మాత్రం ఒకటే కాదు.

ఇంత చిన్న విషయానికి ఇంత రాయాలా అనేవాళ్ళుంటారు. చిన్నదేమీ కాదు. కిప్లింగ్ విలియమ్స్ అనే శాస్త్రవేత్త ఒకసారి పార్కులో కూర్చుంటే, ఇద్దరు ఆడుకుంటున్న ఫ్రిస్బీ ఆయన దగ్గరికి వచ్చి పడింది. ఆయన తిరిగి విసిరాడు, వాళ్ళు మళ్ళీ ఆయనకి విసిరారు, కాసేపు ముగ్గురూ ఆడారు. తర్వాత వాళ్ళిద్దరూ ఆయనకి విసరడం మానేశారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు అలా చేస్తేనే తనకి అంత బాధ ఎందుకైందని ఆయన ఆశ్చర్యపోయాడు. దాని మీదే కంప్యూటర్లో బంతి విసురుకునే ఆట తయారు చేయించి, 2000లో 62 దేశాలకి చెందిన 1,486 మందితో ఆడించిన ఫలితాలు ప్రచురించారు. బంతి రానివాళ్ళకి మనసు చివుక్కుమంది, తామెందుకూ కొరగామనిపించింది. తర్వాతి ప్రయోగాల్లో, ఎదుట మనుషులు లేరు, కంప్యూటరే ఆడుతోంది అని ముందే చెప్పినా బాధ కలిగింది. తెలియని కంప్యూటరు బంతి ఇవ్వకపోతేనే పెద్దవాళ్ళకి అలా ఉంటే, రోజూ ఒకే బస్సులో వెళ్ళే ఐదుగురు స్నేహితులు మొహం తిప్పుకుంటే పదమూడేళ్ళ పిల్లకి ఎలా ఉంటుంది?

మన ఆటల్లో 'ఆటలో అరటిపండు' అని ఒక ఏర్పాటుండేది. చిన్నపిల్లలు ఏడుస్తారని ఆటలోకి రానిచ్చేవాళ్ళం, అవుటైనా అవుట్ కాదు. ఆడించడం రాకపోయినా బయట నిలబెట్టకూడదని ఎవరో పెద్దమనసుతో కనిపెట్టిన పద్ధతి అది. ఐదేళ్ళ పిల్లకి అది బాగుంటుంది. పదమూడేళ్ళ పిల్లకి మనం బలవంతంగా అరటిపండు స్థానం ఇప్పిస్తే అది ఇంకో అవమానం. అందుకే "పాపని కూడా డాన్సులో కలుపుకోండి" అని ఆ ఐదుగురికీ నేను ఆజ్ఞ వేయలేదు. వేస్తే వెనక వరసలో నిలబెట్టి, ఆంటీ చెప్పిందని కలుపుకున్నాం అని మొహం మీదే అనేవాళ్ళు.

బయట నిలబెట్టిన పిల్లల గురించి మన పురాణమే పెద్ద కథ చెప్పింది. కురుకుమారుల విద్యాప్రదర్శన రోజున కర్ణుడు బరిలోకి వస్తే, నీ కులమేమిటి, తల్లిదండ్రులెవరు అని కృపాచార్యుడు అడిగాడు. సభలో అంతమంది పెద్దలున్నారు. తన కొడుకని తెలిసిన కుంతి కూడా అక్కడే ఉంది. ఒక్కరూ నోరెత్తలేదు. లేచి చెయ్యి అందించింది దుర్యోధనుడు, అంగరాజ్యం ఇచ్చింది దుర్యోధనుడు. ఆ ఒక్క చేతి కోసం కర్ణుడు చివరిదాకా అటువైపే నిలబడ్డాడు. 1977లో వచ్చిన 'దానవీరశూరకర్ణ' ఎన్నిసార్లు చూసి కళ్ళు తుడుచుకోలేదు మనం? కర్ణుడి ఖర్మ అని ఏడ్చి బయటికొస్తాం. ఆ రోజు ఆ సభలో మంచివాళ్ళు మాట్లాడి ఉంటే అన్న ఆలోచన రాదు. మన పిల్లల్లో బయట మిగిలిపోయినవాళ్ళకి కూడా ఎవరో ఒకరు చెయ్యి అందిస్తారు. అది ఫోన్లో పరిచయమైన ముక్కూమొహం తెలియనివాడా, లేక మనమా అన్నది మనం తేల్చుకోవాలి.

ఇంకాస్త చేదు మాట. పిల్లలు వెలివేయడాన్ని కొత్తగా కనిపెట్టలేదు. కుల పంచాయతీలు నిప్పూ నీళ్ళూ ఇవ్వకుండా కుటుంబాల్ని వెలివేసిన రోజులు మన తాతలకి తెలుసు. ఇప్పటికీ ఆగలేదు కాబట్టే మహారాష్ట్రలో సామాజిక బహిష్కరణని నేరంగా చేస్తూ 2016లో చట్టం చేయాల్సి వచ్చింది. అది 2017లో అమల్లోకి వచ్చింది. అంబేద్కర్ గారు తన చిన్నప్పటి బడి గురించి రాసుకున్నారు. క్లాసులో ఒక మూల విడిగా గోనెపట్టా మీద కూర్చునేవారు, ఆ పట్టాని సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళి మర్నాడు మళ్ళీ తెచ్చుకోవాలి, ఎందుకంటే బడి ఊడ్చే మనిషి దాన్ని ముట్టుకోడు. దానికీ అప్పట్లో చెప్పిన సమాధానం పూర్వజన్మ కర్మే. ఆ సమాధానం ఎంతమంది నోరు మూయించిందో, ఎన్ని వందల ఏళ్ళు మూయించిందో మనకి తెలుసు. బస్సు సీటు మీద వాటర్ బాటిల్ అంత పెద్దదని నేననను. కానీ అది పెరిగేది అటువైపే.

మరి ఏం చేయాలి? కెనడాలోని టొరంటో బడుల్లో పిల్లల ఆటస్థలాన్ని వీడియో తీసి పరిశీలించిన ఒక అధ్యయనం 2001లో వచ్చింది. ఏడిపించే సంఘటనల్లో నూటికి 88 చోట్ల తోటి పిల్లలు పక్కనే ఉన్నారు. అడ్డుపడింది నూటికి 19 చోట్లే. కానీ అలా అడ్డుపడినప్పుడు సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలోపే ఏడిపించడం ఆగిపోయింది. ఫిన్లాండ్‌లో టుర్కు విశ్వవిద్యాలయం తయారుచేసిన 'కివా' పద్ధతిలో కూడా టీచరు, క్లాసులో నలుగురికీ నచ్చే ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పిలిచి, ఒంటరైన పిల్లకి తోడుండమని అడుగుతారు. బలం పెద్దవాళ్ళ తిట్లలో లేదు, పక్కన నిలబడే ఇంకో పిల్లలో ఉంది.

నేనూ అదే దారి పట్టాను. ఐదుగురిలో ఒకమ్మాయి, పాప పేరు ఎత్తినప్పుడల్లా నేల చూసేది. తనని ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే, "నేను మాట్లాడితే నన్నూ తీసేస్తారు ఆంటీ" అంది. చూశారా, లోపలున్నవాళ్ళు కూడా భయంతోనే ఉన్నారు. ఒక్కదానివే వద్దమ్మా, మీ పెదనాన్న కూతుర్ని తోడు పెట్టుకో, పెద్ద పనేమీ వద్దు, బస్సులో ఆ బాటిల్ తీసి పక్కన కూర్చోనివ్వు చాలు అన్నాను. రెండు రోజులు ఆలోచించుకుని ఆ పని చేసింది. మిగతా నలుగురూ వారం రోజులు మూతి ముడుచుకున్నారు, కానీ ఇద్దర్ని ఒకేసారి తీసేయలేకపోయారు.

మన సంఘం పెద్దాయన ఒకరు ఆ మగ్గాల యజమానితో మాట్లాడారు. పిల్లల విషయం పిల్లలది, పని విషయం పనిది, ఆ కుటుంబానికి పని విషయంలో ఇబ్బంది రాకూడదని చెప్పారు. ఆయనకి అసలు ఏమీ తెలియదట. విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అడగలేదు కూడా.

అంతా సర్దుకుందని చెప్పను. ఉగాది రోజు ఆ డాన్సు ఐదుగురే చేశారు. పాప ప్రేక్షకుల్లో వెనక వరసలో కూర్చుంది, పక్కన డాన్సులో లేని ఆ పెదనాన్న కూతురు. డాన్సు అయ్యాక రెండో అమ్మాయి కూడా దిగి వచ్చి వాళ్ళ దగ్గర కూర్చుంది. ముగ్గురూ ఒకే విస్తరిలో ఒబ్బట్లు తిన్నారు. అవ్వ ఊరికి పోతానన్న మాట ప్రస్తుతానికి ఆగింది. నోట్‌బుక్ వెనక పేజీ ఏమైందో నేను అడగలేదు. చాక్లెట్ ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పాను. "అది కారణం కాదమ్మా. నువ్వు మూడో తరగతిలో చేసింది నీ పని. ఇప్పుడు వాళ్ళు చేసింది వాళ్ళ పని. రెండింటికీ ముడి పెట్టే అధికారం నాకు లేదు, నీకూ లేదు. ఇది నీ తప్పు కాదు." తను నమ్మిందో లేదో గానీ, ఆ చివరి మాట ఇంకోసారి చెప్పమంది.

ఇక సంఘానికి నా ప్రతిపాదనలు నాలుగు.

ఒకటి. ఇకమీదట పిల్లల కార్యక్రమాలకి గుంపులు చీట్లు వేసి చేద్దాం. ప్రాణస్నేహితులు విడిపోతారని ఏడుస్తారు, ఏడవనివ్వండి. రెండు నెలల్లో ఇంకో ఐదుగురు తెలుస్తారు. అందరితో స్నేహం చేయమని ఏ పిల్లనీ బలవంతపెట్టలేం, అవసరమూ లేదు. స్నేహం ఇష్టం. కానీ కలిసి ఒకరిని బయట నిలబెట్టడం ఇష్టాయిష్టాల సంగతి కాదు.

రెండు. వస్తున్న పిల్ల ఏ కార్యక్రమానికైనా రెండుసార్లు రాకపోతే, కారణం తోటి పిల్లల్ని అడగొద్దు. నేరుగా ఇంటికి ఫోన్ చేద్దాం.

మూడు. సొంత ఇల్లు, బాడుగ ఇల్లు, మగ్గం ఎవరిది, కూలి ఎవరు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఈ మాటలు పిల్లల ముందు మానేద్దాం. మీ పిల్లే ఎవరినైనా వెలివేస్తోందని తెలిస్తే కొట్టకండి, అందరి ముందు క్షమాపణ చెప్పించకండి. అలా చేస్తే ఆ కోపం మళ్ళీ అవతలి పిల్ల మీదే పడుతుంది. "నీకే ఇలా జరిగితే ఎవరు పక్కన కూర్చోవాలనుకుంటావు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి.

నాలుగు. బాధలో ఉన్న పిల్లకి ఖర్మ, తలరాత, దోషం, వాళ్ళకి దేవుడే చెబుతాడు, ఈ మాటలేవీ చెప్పొద్దు. ఎప్పట్నుంచి, ఏం జరిగింది, ఎవరున్నారు అని అడిగి వినండి. అన్నం, నిద్ర తగ్గినా, స్కూలు పేరు చెబితే కడుపునొప్పి అన్నా, బతకాలని లేదు అన్నట్టు ఒక్క మాట వచ్చినా ఆలస్యం చేయొద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనూ కన్నడలోనూ మాట్లాడవచ్చు. దానికి మన బెంగళూరు నిమ్హాన్స్‌దే ముఖ్య బాధ్యత. పిల్లల సహాయానికి 1098 ఉంది. ఈ రెండు నంబర్లూ ఫ్రిజ్ మీద అంటించండి.

వచ్చే నెల మీటింగులో ఈ నాలుగూ చర్చకి పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. ఒప్పుకోనివాళ్ళు తప్పకుండా రండి, వాదిద్దాం. వచ్చేటప్పుడు పిల్లల్ని కూడా తీసుకురండి. చీట్లు వేయడం బాగుంటుందో లేదో పెద్దవాళ్ళం తేల్చేముందు వాళ్ళని ఒక మాట అడగాలి. బస్సులో ఏ సీటు మీద బాటిల్ ఉందో మనకంటే వాళ్ళకే బాగా తెలుసు.